బడి మీద ఎవరి పేరు? గ్రీసు దాతలు, వాళ్ల వీలునామాలు, వాటితో ప్రభుత్వం పడే తిప్పలు

2025 సెప్టెంబరు నుంచి గ్రీసులో 22 ప్రభుత్వ హైస్కూళ్ల పేర్లలో ఒనాసిస్ అన్న మాట చేరింది. ఓడల వ్యాపారి అరిస్టాటిల్ ఒనాసిస్ ఆస్తితో ఏర్పడిన ఫౌండేషన్ ఈ బళ్లకు పన్నెండేళ్ల పాటు డబ్బు ఇస్తుంది. ఫీజు లేదు, టీచర్లకు జీతమిచ్చేది ప్రభుత్వమే. కాకపోతే చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. వార్త చదివినవాళ్లకు వచ్చే మొదటి అనుమానం, ప్రభుత్వ బడిని ప్రైవేటు చేతికి ఇచ్చేశారా అని. అక్కడి టీచర్ల సంఘాలు కూడా దాదాపు ఇదే అంటున్నాయి. ఒకే పేటలో ఒక బడికి డబ్బుండి, పక్క బడికి లేకపోతే పిల్లలు రెండు తరగతులుగా విడిపోతారని వాళ్ల అభ్యంతరం. అంతంతమాత్రంగా నడుస్తున్న బళ్లకు సాయం అందుతుంటే వద్దనడం ఎందుకని సమర్థించేవాళ్ల మాట.

అటూ ఇటూ మాటలు వింటే ఇదేదో కొత్త గొడవ అనిపిస్తుంది. గ్రీసుకు ఇది రెండు వందల ఏళ్ల నాటి సంగతి. ఏథెన్స్ నడిబొడ్డున పానెపిస్తిమియు వీధిలో మూడు తెల్లటి భవనాలు పక్కపక్కనే ఉంటాయి: విశ్వవిద్యాలయం, అకాడమీ, పాత జాతీయ గ్రంథాలయం. అకాడమీని కట్టించింది వియన్నాలో బ్యాంకు నడిపిన సినాస్ కుటుంబం. గ్రంథాలయాన్ని కట్టించింది లండన్‌లోనూ రష్యా రేవుల్లోనూ ధాన్యం వ్యాపారం చేసిన వల్లియానోస్ అన్నదమ్ములు. అక్కణ్ణుంచి కొంచెం దూరం నడిస్తే పాలిటెక్నిక్ (ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం), పురావస్తు మ్యూజియం, పాలరాతి స్టేడియం, అబ్జర్వేటరీ. అన్నిటి వెనకా ఎవరో ఒక వ్యాపారి సంతకం ఉంది. ప్రపంచమంతా గ్రీసు ప్రభుత్వానికి గుర్తులనుకునే కట్టడాల్లో చాలావాటికి ఆ ప్రభుత్వం పెట్టిన ఖర్చు తక్కువ.

ఇది ఎందుకు ఇలా జరిగింది, ఇచ్చినవాళ్లు ఏం అడిగారు, దాన్ని మెచ్చుకునేవాళ్లూ తప్పుపట్టేవాళ్లూ ఏమంటారు అన్నది విడివిడిగా చూద్దాం.

ఎవర్ని జాతీయ దాత అంటారు

గ్రీకులు ఇలాంటివాళ్లను ఎవెర్యెతిస్ అంటారు. మేలు చేసినవాడు అని అర్థం. సంస్థల గోడల మీద చెక్కే పేర్లలో హోదాలు కూడా ఉంటాయి. చిన్న మొత్తం ఇచ్చినవాడు దాత, పెద్ద మొత్తం ఇచ్చినవాడు ఎవెర్యెతిస్, ఇంకా పెద్దదైతే మహా ఎవెర్యెతిస్. ఒక ఊరికో సంస్థకో కాక దేశం మొత్తానికి పనికొచ్చేలా ఇచ్చినవాణ్ణి జాతీయ ఎవెర్యెతిస్ అంటారు. ఈ వ్యాసంలో జాతీయ దాత అందాం.

ఇచ్చే పద్ధతులు మూడు. బతికుండగా నేరుగా డబ్బు ఇవ్వడం మొదటిది. చనిపోయాక అమల్లోకి వచ్చే వీలునామా రాయడం రెండోది. ఫౌండేషన్ పెట్టడం మూడోది. అంటే ఆస్తిని ఒక శాశ్వత సంస్థ పేర రాసేసి, దాని రాబడిని ప్రజల పనికి వాడమనడం. 19వ శతాబ్దంలో మొదటి రెండూ ఎక్కువ, 20వ శతాబ్దంలో మూడోది ఎక్కువ. గొడవలన్నీ దాదాపు రెండోదానితోనే. రాసినవాడు పోయాక షరతు మార్చమని ఎవర్ని అడగాలి?

దేశం చిన్నది, డబ్బున్నవాళ్లు బయట

1821లో ఒట్టోమన్ సామ్రాజ్యం మీద తిరుగుబాటు మొదలైంది. 1830లో గ్రీసును స్వతంత్ర దేశంగా ఐరోపా రాజ్యాలు గుర్తించాయి. అయితే ఆ దేశం ఇప్పటి గ్రీసులో సగం కూడా లేదు. థెస్సలొనీకి, యొన్నినా, క్రీట్ అన్నీ సరిహద్దుకు అవతలే. కొత్త రాజ్యంలో ఉన్న గ్రీకులకన్నా బయట ఉన్న గ్రీకులే ఎక్కువ. వాళ్లలో వ్యాపారులు కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్), స్మిర్నా, అలెగ్జాండ్రియా, ఒడెస్సా, వియన్నా, బుఖారెస్ట్, మార్సెయ్, లండన్ దాకా పరచుకుని ఉన్నారు.

లోపల పరిస్థితి చూస్తే ఖజానా ఖాళీ. యుద్ధకాలంలో లండన్‌లో తెచ్చిన అప్పులు కట్టలేక 1827లోనే చేతులెత్తేశారు. తర్వాత కూడా అదే కథ. 1893లో దేశం మళ్లీ దివాలా తీసింది. ఇలాంటి రాజ్యానికి విశ్వవిద్యాలయం, గ్రంథాలయం, ఆడపిల్లల బడి ఎవరు కట్టాలి?

మన ఊళ్లలో అమెరికా వెళ్లినవాళ్లు సొంతూరి బడికి గదులు కట్టించి నాన్నగారి పేరు రాయిస్తారు కదా, మొదట్లో ఇదీ అలాగే ఉండేది. యొన్నినాకు చెందిన జోసిమాస్ సోదరులు రష్యాలో సంపాదించి 1828లో తమ ఊళ్లో పెద్ద బడి పెట్టించారు. అప్పుడు ఆ ఊరు ఒట్టోమన్ పాలనలోనే ఉంది. పారిస్‌లో ఉంటూ ప్రాచీన గ్రీకు గ్రంథాలను పరిష్కరించిన అదమాంతియోస్ కొరాయిస్ పుస్తకాలకు అచ్చు ఖర్చు పెట్టుకున్నది కూడా వాళ్లే. దేశం ఏర్పడ్డాక దాతల చూపు సొంతూరి నుంచి రాజధాని వైపు మళ్లింది. చరిత్రకారులకు ఆసక్తి కలిగించేది ఈ మలుపే. యొన్నినా దగ్గర కొండల్లో పుట్టి, అలెగ్జాండ్రియాలో బతికి, తాను పౌరుడు కాని దేశపు రాజధానికి డబ్బు పంపడం మామూలు సంగతి కాదు.

మెత్సోవో నుంచి అలెగ్జాండ్రియా: అవెరోఫ్ ఇచ్చిన స్టేడియం, జైలు, యుద్ధనౌక

పిండస్ కొండల్లో మెత్సోవో అని ఒక చిన్న ఊరు. మేకలు, గొర్రెలు, ఉన్ని, చలి. 1912 దాకా అదీ ఒట్టోమన్ ఏలుబడిలోదే. ఈ ఒక్క ఊరి నుంచే తోసిత్సాస్, స్టుర్నారాస్, అవెరోఫ్ వచ్చారు. ఏథెన్స్ పాలిటెక్నిక్‌కు ఈ ముగ్గురూ ఇచ్చారు కాబట్టే దాని అధికారిక నామంలో ఇప్పటికీ మెత్సోవో పేరు ఉంటుంది. పక్కనున్న పురావస్తు మ్యూజియం స్థలం కూడా తోసిత్సాస్ భార్య ఎలెని ఇచ్చిందే.

వీళ్లలో జార్జియోస్ అవెరోఫ్ కథ పూర్తిగా చెప్పుకోదగ్గది. యువకుడిగా ఈజిప్టు చేరి, పత్తి వ్యాపారంలో అలెగ్జాండ్రియాలోని గొప్ప ధనవంతుల్లో ఒకడయ్యాడు. 1890ల మధ్యలో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరపాలని నిర్ణయమైంది. దేశం అప్పుడే దివాలా తీసి ఉంది. ప్రధాని త్రికూపిస్‌కు ఈ ఖర్చు ఇష్టం లేదు. నిర్వాహకులు అవెరోఫ్ దగ్గరికి వెళ్లారు. ప్రాచీన స్టేడియాన్ని మళ్లీ పాలరాతితో కట్టడానికి ఆయన దాదాపు 9 లక్షల 20 వేల డ్రాక్మాలు (అప్పటి గ్రీసు డబ్బు) ఇచ్చాడు. పని ఆటల నాటికి పూర్తి కాలేదు. పై వరసల్లో కొన్నిటికి చెక్క బల్లలే వేశారు. 1896లో ఆటలు మొదలయ్యే ముందురోజు స్టేడియం బయట ఆయన విగ్రహం ఆవిష్కరించారు. మనిషి ఇంకా బతికే ఉన్నాడు.

ఆ స్టేడియానికి ఇలాంటి దాత అంతకు ముందే ఒకడున్నాడు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో దాన్ని మొదట పాలరాతితో కట్టించింది హెరొదెస్ అట్టికస్ అనే ఏథెన్స్ కోటీశ్వరుడు. అతని తండ్రి చనిపోతూ, ఏథెన్స్ పౌరుడు ఒక్కొక్కడికీ ఏటా ఒక మినా, అంటే వంద డ్రాక్మాలు ఇమ్మని వీలునామా రాశాడు. కొడుకు జనంతో బేరం పెట్టి, ఏటా వద్దు, ఒకేసారి అయిదు మినాలు ఇస్తానని ఒప్పించాడు. లెక్క వేసి చూడండి: ఇంకో ఇరవై ఏళ్లు బతికే మనిషికి రావాల్సింది ఇరవై మినాలు, చేతికొచ్చేది అయిదు. తీరా డబ్బు కోసం వెళ్తే, మీ తాతముత్తాతలు మా వాళ్లకు బాకీ ఉన్నారని పాత పత్రాలు తీసి అందులోనూ కోత పెట్టాడు. కొందరికి కొంచెం దక్కింది, కొందరికి ఏమీ లేదు, కొందరు ఎదురు బాకీ తేలారు. ఆ తర్వాత అతను స్టేడియం కట్టిస్తే, ఇది నిజంగా ఏథెన్స్ వాళ్లందరిదీ, అందరి దగ్గరా ఎగ్గొట్టిన డబ్బుతోనే కదా కట్టింది అని జనం ఎత్తిపొడిచారట. దాతృత్వం మీద వచ్చే విమర్శల్లో నాకు తెలిసి ఇంతకన్నా ఘాటైనది లేదు. పద్దెనిమిది వందల ఏళ్ల నాటిది మరి.

అవెరోఫ్ దగ్గరికి వద్దాం. బాల నేరస్థుల్ని పెద్ద ఖైదీలతో కలపకూడదని ఏథెన్స్‌లో వాళ్లకోసం ప్రత్యేకంగా జైలు కట్టడానికి డబ్బు ఇచ్చాడు. అప్పటికి అది ముందడుగు. కానీ జర్మన్ ఆక్రమణ కాలంలోనూ తర్వాతి అంతర్యుద్ధంలోనూ రాజకీయ ఖైదీలను పెట్టింది అక్కడే. ఒక తరం గ్రీకులకు అవెరోఫ్ అంటే జైలు. 1970ల మొదట్లో దాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు సుప్రీంకోర్టు ఉంది.

1899లో చనిపోతూ నౌకాదళానికి కూడా కొంత ఆస్తి రాశాడు. ఇటలీలోని లివోర్నోలో కడుతున్న ఒక యుద్ధనౌకను గ్రీసు కొన్నప్పుడు ధరలో దాదాపు మూడో వంతు ఆ డబ్బే. మిగతాది ప్రభుత్వం పెట్టింది. పేరు మాత్రం మొత్తం అవెరోఫ్‌దే. 1912, 1913లో ఎజియన్ సముద్రంలో ఒట్టోమన్ నౌకలతో జరిగిన రెండు యుద్ధాల్లో గెలుపు ఈ నౌక పుణ్యమే. ఇప్పుడది ఏథెన్స్ తీరంలో మ్యూజియం. మూడో వంతు ఇస్తే మొత్తం పేరు రావడం న్యాయమా అంటే, ఆ మూడో వంతు ముందు చేతిలో లేకపోతే బేరమే కుదిరేది కాదని సమర్థించేవాళ్లు జవాబిస్తారు.

దొంబోలిస్ షరతు: ఒక విశ్వవిద్యాలయం రెండుగా చీలడం

వీలునామా ఎంత దూరం చెయ్యి చాపగలదో తెలియాలంటే ఇయోన్నిస్ దొంబోలిస్ సంగతి చూడాలి. ఎపిరస్ (యొన్నినా ఉన్న వాయవ్య ప్రాంతం) వాడు, రష్యాలో స్థిరపడ్డాడు. రష్యా విదేశాంగ మంత్రిగా పనిచేసి తర్వాత గ్రీసు తొలి పాలకుడై 1831లో హత్యకు గురైన కపొదిస్త్రియాస్ అంటే ఆయనకు అభిమానం. 1849 నాటి వీలునామాలో, తన డబ్బు రష్యాలో వడ్డీకి పెరగాలని, 1906లో దాన్ని తీసి గ్రీసు రాజధానిలో కపొదిస్త్రియాస్ పేరుతో విశ్వవిద్యాలయం పెట్టాలని రాశాడు.

యాభై ఏడేళ్లు ఆగమనడం వెనక లెక్క సులువే. ఉదాహరణకు ఏటా 4 శాతం చక్రవడ్డీ అనుకుంటే, ఆ వ్యవధిలో లక్ష కాస్తా 9 లక్షలు దాటుతుంది. దాత కళ్లారా చూడలేడు గానీ సంస్థకు మాత్రం తొమ్మిదింతలు దక్కుతుంది.

చిక్కు ఏమిటంటే, ఏథెన్స్‌లో 1837 నుంచే విశ్వవిద్యాలయం ఉంది. మొదట రాజు ఒథోన్ పేరు పెట్టారు, 1862లో రాజును దింపేశాక జాతీయ విశ్వవిద్యాలయం అన్నారు. ఇంకోటి కట్టే అవసరం లేదు. కట్టకపోతే వీలునామా డబ్బు రాదు. 1911లో ఒక ఉపాయం తీశారు. ఉన్నదాన్నే చట్టపరంగా రెండు చేశారు. వేదాంతం, న్యాయశాస్త్రం, సాహిత్య విభాగాలు కపొదిస్త్రియాస్ విశ్వవిద్యాలయమనీ, వైద్యం, విజ్ఞానశాస్త్రాలు జాతీయ విశ్వవిద్యాలయమనీ రాసుకున్నారు. పాలన ఉమ్మడిగానే నడిచింది. 1932లో మళ్లీ కలిపేశారు. అందుకే ఇవాళ కూడా దాని పేరు ఏథెన్స్ జాతీయ, కపొదిస్త్రియాస్ విశ్వవిద్యాలయం. ఆ పొడుగాటి పేరులో సగం, రష్యాలో ఎవరో రాసిన ఒక కాగితం వల్ల వచ్చింది.

జప్పాస్ ఆస్తి కోసం రెండు దేశాల తగాదా

ఎవాంగెలోస్ జప్పాస్ ఇప్పటి అల్బేనియాలో ఉన్న లాబొవోలో పుట్టి, రొమేనియాలో భూములతో సంపన్నుడయ్యాడు. 1856లో ఒలింపిక్స్‌ను మళ్లీ మొదలుపెడదామని, ఖర్చు తనదని గ్రీసు రాజుకు రాశాడు. అప్పటి మంత్రి రంగవిస్‌కు ఆటల మీద నమ్మకం లేదు. వ్యవసాయ, పారిశ్రామిక ప్రదర్శన పెడదామన్నాడు. చివరికి రెండూ కలిపి 1859లో జరిపారు. 1870లో, 1875లో మళ్లీ జరిగాయి. దాత అడిగింది ఒకటి, ప్రభుత్వం చేసింది సగం అది, సగం వేరేది. ఇలాంటి బేరాలు అన్ని కాలాల్లోనూ ఉన్నవే.

ఆయన 1865లో పోయాడు. వీలునామా ప్రకారం మొదట రొమేనియాలోనే పూడ్చి, తర్వాత ఎముకలను సొంతూరి బడి దగ్గరికి చేర్చి, తలను మాత్రం ఏథెన్స్‌లో తన డబ్బుతో కట్టిన జప్పియోన్ భవనం గోడలో పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది, మీద ఒక శిలాఫలకంతో. 1979లో యూరోపియన్ కమ్యూనిటీలో గ్రీసు చేరిక మీద సంతకాలు ఈ భవనంలోనే జరిగాయి.

ఆస్తిని చూసుకున్న బంధువు కాన్‌స్టాంటినోస్ జప్పాస్ 1892లో చనిపోయాక అసలు తగువు వచ్చింది. భూములు రొమేనియాలో ఉన్నాయి, వీలునామా లబ్ధి గ్రీసుకు. విదేశీయులు పల్లె భూములకు హక్కుదారులు కాలేరని రొమేనియా రాజ్యాంగం అంటోంది. వీలునామాను గౌరవించమని గ్రీసు పట్టుపట్టింది. మా నేల మీది ఆస్తి పరాయి ప్రభుత్వానికి ఎలా పోతుందని రొమేనియా ఎదురు తిరిగింది. రెండు దేశాలూ దౌత్య సంబంధాలు తెంచుకున్నాయి. మళ్లీ కలుపుకునేసరికి 1896 వచ్చింది. రొమేనియా వాదనను కొట్టిపారేయడం కష్టం. అక్కడి రైతుల కష్టంతో పండిన డబ్బుతో ఏథెన్స్‌లో స్తంభాలు లేపుతుంటే చూస్తూ ఊరుకోమనడం ఏం న్యాయం?

ఆ డబ్బు ఎక్కడిది: మూడు చూపులు

గ్రీకు బడి పుస్తకాల్లో వీళ్లంతా దేశభక్తులు. కడుపు కట్టుకుని సంపాదించి, పిల్లా పీచూ లేకపోతే దేశాన్నే వారసుడిగా చూసుకున్నవాళ్లు. ఇందులో అబద్ధం లేదు. అవెరోఫ్ పెళ్లి చేసుకోలేదు, జప్పాస్ కూడా అంతే.

రెండో చూపు కాస్త కఠినమైనది. అలెగ్జాండ్రియాలో మిఖాయిల్ తోసిత్సాస్ ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీకి దగ్గరివాడు, ఆయన వ్యవహారాలు చూసినవాడు. అదే ముహమ్మద్ అలీ కొడుకు ఇబ్రహీం 1825 నుంచి గ్రీసులో దిగి తిరుగుబాటును అణచాడు, వేలమందిని బానిసలుగా ఈజిప్టుకు పట్టుకెళ్లాడు. తోసిత్సాస్ తన పలుకుబడితో, డబ్బుతో ఆ బానిసల్లో చాలామందిని విడిపించాడు. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో ఉన్నాయి. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాస్తే బొమ్మ తప్పు వస్తుంది. పత్తి డబ్బు వెనక ఈజిప్టు రైతు వెట్టి, రొమేనియా భూముల వెనక అక్కడి పాలేర్ల చాకిరీ ఉన్నాయి.

ఏథెన్స్ లోపలే జరిగింది ఇంకోటి ఉంది. కాన్‌స్టాంటినోపుల్ బ్యాంకరు అంద్రియాస్ సింగ్రోస్ 1870లలో ఏథెన్స్ చేరాడు. లావ్రియో వెండి గనుల కంపెనీని 1873లో కొన్నాడు. ఆ గనుల్లో బంగారం పండుతుందన్న పుకార్లతో జనం షేర్ల మీద ఎగబడ్డారు. ధర పడిపోయింది. చిన్న చిన్న మదుపరులు మునిగారు. అదే సింగ్రోస్ తర్వాత ఒలింపియా, డెల్ఫీ మ్యూజియంలకు, ఆస్పత్రులకు, రోడ్డుకు డబ్బిచ్చాడు. సముద్రం వైపు వెళ్లే పెద్ద రోడ్డుకు ఇప్పటికీ ఆయన పేరే. బయటి నుంచి డబ్బు మూటలతో దిగిన ఈ తరహా ఆసాములను ఏథెన్స్ జనం బంగారు పేడపురుగులని వెటకారం చేసేవాళ్లు.

మూడోది ఆర్థిక చరిత్రకారుల చూపు. వాళ్లకు దాత మంచివాడా చెడ్డవాడా అన్నది ముఖ్యం కాదు. అంత డబ్బు దేశంలోకి వచ్చినప్పుడు ఫ్యాక్టరీలు, రైళ్లు, పొలాల బదులు పాలరాతి భవనాలు ఎందుకు లేచాయని అడుగుతారు. దీనికి ఎదురు జవాబూ ఉంది. చిన్న దేశంలో ఫ్యాక్టరీ సరుకుకు మార్కెట్ లేదు. చదువుకున్న గుమస్తాలు, టీచర్లు, వైద్యులు, లాయర్లు మాత్రం కావాలి. బడి మీద పెట్టినది వృథా కాలేదని దీని సారం.

ఈ వ్యాపార వలలో ఒక పోగు మన దాకా వచ్చింది. ఎజియన్ సముద్రంలో ఖియోస్ అనే దీవికి చెందిన రాలి సోదరులు లండన్ కేంద్రంగా ధాన్యం, పత్తి, జనపనార వ్యాపారం నడిపారు. 1851లో కలకత్తాలో ఆఫీసు తెరిచారు. తర్వాత కంపెనీ చేతులు మారి టాటాలదైంది, పేరు మాత్రం అలాగే మిగిలింది. ఎరువులూ పురుగుమందులూ అమ్మే దుకాణంలో రాలిస్ ఇండియా డబ్బా కొన్న తెలుగు రైతు ఒక గ్రీకు కుటుంబం పేరున్న సరుకు ఇంటికి తెచ్చుకున్నట్టే.

ఏ భాషలో బడి, ఎవరి పిల్లలకు

దాతల డబ్బులో పెద్ద భాగం వెళ్లింది గ్రీసు బయటి గ్రీకు బళ్లకు. కాన్‌స్టాంటినోపుల్‌లో జొగ్రఫియోన్, ఆడపిల్లలకు జప్పియోన్ అనే బడి (ఏథెన్స్ భవనం పేరూ అదే), అలెగ్జాండ్రియాలో అవెరోఫ్ బళ్లు. చదువు దొరకని చోట చదువు వచ్చిందని చూస్తే ఇది గొప్ప పని. అయితే అప్పటి ఒట్టోమన్ బాల్కన్‌లో ఏ బడిలో చదివితే ఆ జాతివాడిగా లెక్క. మెత్సోవోలోనే ఇళ్లలో మాట్లాడేది గ్రీకు కాదు, రొమేనియన్‌కు దగ్గరైన వ్లాహ్ భాష. 1860ల నుంచి రొమేనియా కూడా వ్లాహ్ ఊళ్లలో తన బళ్లు తెరిచింది, బల్గేరియన్లు తమవి తెరిచారు. ఒకే ఊళ్లో రెండు మూడు జెండాల బళ్లు. పిల్లవాణ్ణి ఎక్కడ చేర్చాలన్నది చదువు విషయం కాకుండా పోయింది. వ్లాహ్ ఇంట పుట్టి, గ్రీకు బడికి డబ్బిచ్చిన అవెరోఫ్ లాంటివాళ్లు ఎటు నిలబడ్డారో స్పష్టమే. అందువల్ల ఇంట్లో భాష నశించిందని బాధపడేవాళ్లున్నారు, దాని వల్లే పిల్లలకు ప్రపంచం తెరుచుకుందనేవాళ్లూ ఉన్నారు.

ఆడపిల్లల చదువు సంగతిలో మాత్రం వాదనకు చోటు తక్కువ. హైస్కూలు స్థాయిలో ఆడపిల్లలను చదివించడం తన పని అని 19వ శతాబ్దపు గ్రీసు ప్రభుత్వం అనుకోనేలేదు. 1836లో ఏర్పడ్డ ఒక విద్యా సంఘం ఆ పని ఎత్తుకుంది. దానికి భవనం ఇచ్చింది అపొస్తొలోస్ అర్సాకిస్. ఎపిరస్‌లో పుట్టిన ఈ వైద్యుడు 1862లో కొన్నాళ్లు రొమేనియా ప్రధానిగా కూడా ఉన్నాడు. ఆయన పేరుతో వచ్చిన అర్సాకియోన్‌లో శిక్షణ పొందిన అమ్మాయిలే దశాబ్దాల పాటు దేశంలోని ఆడపిల్లల బళ్లకు పంతులమ్మలు. ఏథెన్స్ విశ్వవిద్యాలయంలోకి మొదటి విద్యార్థిని 1890లో గానీ అడుగుపెట్టలేదు.

వర్వాకిస్‌ది ఇంకో తీరు. రష్యాలో కేవియర్, అంటే చేప గుడ్ల వ్యాపారంతో ధనవంతుడై బడికి డబ్బు రాశాడు. బడి భవనం 1944 డిసెంబరు పోరాటాల్లో దెబ్బతిని పోయింది, బడి వేరేచోటికి మారింది. ఏథెన్స్‌లో ఇప్పుడు వర్వాకియోస్ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది పక్కనున్న చేపలు, మాంసం బజారు.

ఓడల కాలం: పన్నులు, ఫౌండేషన్లు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పత్తి, ధాన్యం పోయి ఓడలు వచ్చాయి. ఒనాసిస్ కొడుకు 1973లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. తండ్రి 1975లో పోతూ కొడుకు పేరుతో ఫౌండేషన్ పెట్టమని రాశాడు. దాని ఏర్పాటు తెలివైనది. రెండు సంస్థలు. ఒకటి ఓడలు నడిపి లాభం తెస్తుంది, రెండోది ప్రజల పనులు చేస్తుంది. మొదటిది తన లాభంలో 40 శాతం రెండోదానికి ఇవ్వాలి. వంద వస్తే నలభై బడికీ ఆస్పత్రికీ, అరవై తిరిగి వ్యాపారంలోకి. దొంబోలిస్‌లా ఒక తేదీ దాకా ఆగనక్కర్లేదు, జప్పాస్‌లా భూమి తగాదా లేదు. ఫౌండేషన్ రిజిస్టరైంది గ్రీసులో కాదు, లీచ్‌టెన్‌స్టైన్‌లో.

ఇంకో ఓడల వ్యాపారి స్తావ్రోస్ నియార్కోస్ 1996లో చనిపోయాక ఆయన పేర ఏర్పడ్డ ఫౌండేషన్ ఏథెన్స్ తీరంలో ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో చేత పెద్ద సాంస్కృతిక కేంద్రం కట్టించింది. 60 కోట్ల యూరోలకు పైగా ఖర్చుచేసి 2017లో ప్రభుత్వానికి అప్పగించింది. వల్లియానోస్ భవనంలో ఉన్న జాతీయ గ్రంథాలయం అక్కడికి మారింది. ఒక దాత ఇంటి నుంచి ఇంకో దాత ఇంటికి, మధ్యలో శతాబ్దం. కట్టడం ఉచితం, నడపడం కాదు. అప్పగింత తర్వాత ఆ ఖర్చు ప్రభుత్వ బడ్జెట్ మీద పడింది. ఫౌండేషన్ కూడా గ్రాంట్లు ఇచ్చింది. అప్పుల సంక్షోభంలో జీతాలూ పింఛన్లూ కోస్తున్న దేశం అలాంటి బహుమతిని కాదనలేదు, సులువుగా మోయనూ లేదు.

ఇక పన్ను సంగతి. గ్రీసులో ఓడల కంపెనీల పన్ను లాభాన్ని బట్టి కాదు, ఓడ టన్నులనూ వయసునూ బట్టి. లాభం పదింతలైనా ఆ పన్ను పెరగదు, నష్టం వచ్చినా తగ్గదు. ఈ రంగానికి 1953 నాటి పెట్టుబడుల చట్టం ఇచ్చిన రక్షణను రాజ్యాంగమే 107వ అధికరణంలో కాపాడుతోంది. విమర్శకులు పట్టుకునేది ఇక్కడే. మామూలు పన్ను కట్టి ఉంటే ఆ డబ్బు ఏ బడికి వెళ్లాలో పార్లమెంటు తేల్చేది, ఇప్పుడు ఫౌండేషన్ బోర్డు తేలుస్తోంది అంటారు. ఓడల వాళ్ల జవాబు: టన్నుల పన్ను మా ఒక్కళ్లదే కాదు, చాలా దేశాల్లో ఉంది, ఓడ జెండా మార్చుకుని ఇంకో దేశం పోవడం గంటల పని. ఈ మాట నిజమే. మన దేశంలో కూడా 2004లో ఇలాంటి పద్ధతి తెచ్చారు. కానీ జెండా మార్చడం సులువన్నది పన్ను తక్కువగా ఎందుకుందో చెబుతుందే తప్ప, బడి గురించి ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నకు జవాబు కాదు.

వీలునామా మార్చవచ్చా: 109వ అధికరణం

ఇన్ని తరాల వీలునామాలు పోగుపడ్డ దేశం కాబట్టి గ్రీసు రాజ్యాంగంలో దీనికి ప్రత్యేకంగా ఒక అధికరణమే ఉంది. ప్రభుత్వానికో ప్రజోపయోగానికో రాసిన వీలునామా, దానపత్రం షరతులను మార్చడానికి వీల్లేదని 109వ అధికరణం చెబుతుంది. మినహాయింపు చాలా ఇరుకు. దాత కోరిక పూర్తిగా గానీ చాలావరకు గానీ నెరవేర్చడం అసాధ్యమని, లేదా మార్పుతో ఆ కోరికే ఇంకా బాగా తీరుతుందని కోర్టు తేల్చాలి. అప్పుడు కూడా డబ్బు ప్రజోపయోగానికే, దాత చెప్పిన ప్రాంతంలోనో అది ఉన్న విశాల ప్రాంతంలోనో వాడాలి.

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఒక వ్యాపారి 1890లో ఏథెన్స్‌లో ఓ ఇల్లు రాసి, దాని అద్దెతో తన కొండ ఊరి బడిలో చదివే పిల్లలకు ఏటా అయిదు స్కాలర్‌షిప్‌లు ఇమ్మన్నాడు. ఇప్పుడా ఊళ్లో ముసలివాళ్లే ఉన్నారు, బడి మూతపడింది. అద్దె మాత్రం వస్తూనే ఉంది. పక్క పట్నం బడి ప్రధానోపాధ్యాయురాలు ఆ డబ్బు మా పిల్లలకివ్వండి అంటే అధికారి సొంతంగా ఇవ్వలేడు. కోర్టుకు వెళ్లాలి, ఆ ఊళ్లో అర్హులే లేరని నిరూపించాలి, అదే జిల్లాలో వాడటానికి అనుమతి తెచ్చుకోవాలి. ఈలోగా ఇంటికి మరమ్మతులు కావాలి, ఆస్తి పన్ను కట్టాలి, దూరపు బంధువు ఎవరో వారసుణ్ణంటూ కేసు వేయవచ్చు. ఇలాంటి ఆస్తుల నిర్వహణ కోసం 1939లో ఒక చట్టం చేశారు. దాని స్థానంలో 2013లో 4182 నంబరు చట్టం తెచ్చారు. కొత్త చట్టం ప్రకారం ఈ ఆస్తుల వివరాలను ప్రభుత్వం రిజిస్టర్లలోకి ఎక్కించాలి, నిర్వాహకులు ఏటా లెక్కలు అప్పజెప్పాలి. కోర్టు మెట్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎక్కాల్సిందే.